అత్తయ్య మొలపూసలు

మా అత్తయ్య పేరు మామ్లే. నొప్పి అని నోరు తెరిచి చెప్పే మనిషి కాదు. పెళ్లికి ముందునుంచీ అగోర్మాన్యా సంతలో పూసలు అమ్ముతోంది. బేరం కుదరనివాళ్లను నవ్వుతూనే తిట్టి పంపుతుంది. అలాంటిది ఆ సోమవారం చేపతో తింటున్న మొక్కజొన్న కెంకే ముద్ద సగంలో వదిలేసి, ఎడమ డొక్క పట్టుకుని చాప మీద వాలిపోయింది.

"పక్కలో నిప్పు పెట్టినట్టుంది కోర్యో. వీడు తెచ్చిన చేప మంచిది కాదు," అంది నాతో, కొడుకుని చూపిస్తూ.

"అదే చేప మేమూ తిన్నాంగా అమ్మా," అన్నాడు మా ఆయన లావర్.

"నువ్వు రాళ్లు తిన్నా అరిగించుకుంటావు."

మర్నాడు ఆస్పత్రికి తీసుకెళ్లాం. డాక్టర్ బోటెంగ్ చిన్నవాడు, ఓపికస్థుడు. మూత్రం పోసేటప్పుడు మంటగా ఉందా, ఎర్రగా పడిందా, చలిజ్వరం వచ్చిందా, నొప్పి గజ్జల్లోకి దిగుతోందా, ఉండుండి మెలిపెడుతోందా అని వరసగా అడిగాడు. అన్నిటికీ అత్తయ్య తల అడ్డంగానే ఊపింది. "మంట. చర్మం కాలినట్టు. అంతే," అంది.

గుడ్డ మీదుగానే వీపు పక్కన చేత్తో తట్టాడు. ఆవిడ పెట్టిన కేకకి బయట బెంచీల మీద వాళ్లు లేచి నిలబడ్డారు. ఇది కిడ్నీయే అన్నాడాయన. స్కానింగ్ గదిలో అత్తయ్య కట్టుగుడ్డ జానెడు మాత్రమే పైకి జరిపి, మిగతాది రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. తెర మీద ఎడమ కిడ్నీలో చిన్న రాయి కనిపించింది.

"దొంగ దొరికాడు," అన్నాడు డాక్టర్. మూత్రపరీక్షలో మాత్రం ఏమీ తేలలేదు. ఆ మాట నా మనసులో ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది.

ఆస్పత్రిలోనే ఉంచారు. బిళ్లలకు నొప్పి లొంగలేదు. గురువారం పొద్దున డాక్టర్ వచ్చి, "రేపు అక్రా పంపుతాను. రాయి తీసేస్తారు. ఇంకా ఆగితే కిడ్నీకే ప్రమాదం," అన్నాడు. ఆ వెనకే నర్సు ఎఫువా కత్తెర పట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఆపరేషన్ గదిలోకి పూసలతో రానివ్వరు. ఇక్కడే తీసేద్దాం."

అత్తయ్య లేచి కూర్చుంది. "నా మొలపూసల మీద కత్తెర పడాలంటే ముందు నా చెయ్యి తెగాలి."

"మత్తిచ్చాక వాళ్లే కోసేస్తారు. అప్పుడు నేల మీద ఏరుకోవాలి మీరు."

"అయితే నేను అక్రా రాను. రాయి నాతోనే మట్టిలోకి వస్తుంది."

ఈడొచ్చిన పిల్లకి చేసే దీపో వేడుక నాడు వాళ్ల అమ్మమ్మ కట్టిన పూసలవి. మామయ్య తప్ప ఎవరూ చూడలేదు, ఆయన పోయి చాలా ఏళ్లయింది. దారం నలిగితే తలుపు వేసుకుని తనే గుచ్చుకుంటుంది. కోడలిగా వచ్చిన నాటినుంచీ నేను వాటి గలగల విన్నానే గాని ఒక్క పూస చూసి ఎరగను. వార్డు వాకిట్లో లావర్ తల పట్టుకుని కూర్చున్నాడు. పూసలు తీస్తే తల్లి బతికున్నా బతికినట్టుండదు, తీయకపోతే కిడ్నీ దక్కదు.

"అత్తయ్యా, కొయ్యొద్దు. ముడి నేను విప్పుతాను. మళ్లీ నేనే కడతాను," అన్నాను.

కట్టుగుడ్డ మీద పట్టు వదిలింది. "కళ్లు మూసుకుని విప్పు."

"మూసుకుంటే ముడి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"కాలేజీ చదువు చదివావుగా, కనుక్కో."

మంచం చుట్టూ తెర లాగి, ఎఫువాను దాని బయటికి పంపి, గుడ్డ సడలించాను. పసుపు, నీలం, మట్టిరంగు పూసలు అయిదారు పేటలు. వాటిని మెల్లగా ఎత్తగానే నా చెయ్యి ఆగిపోయింది. కింద చర్మం ఎర్రగా కమిలి, నీటి పొక్కులు గుత్తులు గుత్తులుగా లేచి ఉన్నాయి.

"ఇదేంటత్తయ్యా?"

"నిన్నటినుంచి దురద. దారం కొత్తది, ఒరుసుకుంది. చూడకు అన్నానా?"

నేను చూశాను. వంటింట్లో బియ్యంలో రాయి ఏరినట్టు చూశాను. పూసలు నడుము చుట్టూ ఉన్నాయి. పొక్కులు చుట్టూ లేవు. వెన్నెముక దగ్గర మొదలై, ఎడమ డొక్క మీదుగా వచ్చి, బొడ్డు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయాయి. కుడివైపు పసిపిల్ల చర్మంలా నున్నగా ఉంది. ఒరుసుకుంటే రెండు పక్కలా ఒరుసుకోవాలి కదా! గుడ్డ అంచు పొక్కులకు తగలగానే ఆవిడ మళ్లీ అదే కేక పెట్టింది.

"డాక్టర్ని పిలుస్తాను."

"ఆ కుర్రాడా! నా మొల చూడ్డానికా!"

"ఇక్కడ ఒక్కడు చూస్తాడు. అక్రాలో ఎంతమంది చూస్తారో మీ ఇష్టం."

ఆవిడ మొహం గోడవైపు తిప్పుకుని, "రమ్మను," అంది.

డాక్టర్ బోటెంగ్ వంగి చూశాడు. నిటారుగా నిలబడి, నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. "సర్పి! మామ్మగారూ, చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా?"

"పోసింది. అయితే?"

"ఆ విత్తనం ఇన్నాళ్లూ నరం మొదట్లో పడుకుని ఉంది. ఇప్పుడు లేచి, ఆ ఒక్క నరం వెంట నడిచింది. అందుకే ఒక్క పక్కే. ముందు నొప్పి వస్తుంది, పొక్కులు తర్వాత లేస్తాయి. స్కానింగ్ నాటికి ఇవి లేనే లేవు."

"మరి రాయి?" అన్నాను.

"ఉంది. హాయిగా నిద్రపోతోంది. దానివల్లయితే ఇలా చర్మం మండదు. ఒక ఇంట్లో దొంగ పడితే, పక్కింట్లో నిద్రపోతున్నవాణ్ణి పట్టుకున్నాను నేను." తడుముకోకుండా చెప్పాడు. "లోపలంతా వెతికాను, పైన చూడలేదు. అక్రా ప్రయాణం లేదు. మాత్రలు వెంటనే మొదలుపెడదాం. మంట కొన్ని వారాలు ఉండొచ్చు. పొక్కులు ఎండేదాకా పసిపిల్లల్ని, గర్భిణుల్ని దగ్గరికి రానీకండి."

తెర బయట ఎఫువా కత్తెర జేబులో వేసుకున్న చప్పుడు వినిపించింది. అత్తయ్యా విన్నది. మంట అలాగే ఉన్నా, మొహం మీదికి సంత రోజు కళ వచ్చేసింది.

"డాక్టరూ, నా పూసలు చూశావు. మా క్రోబో ఆడదాని పూసలు మొగుడే చూడాలి. ఇక పిల్లనడగడానికి వచ్చేవాళ్లలా ష్నాప్స్ సారా సీసా పట్టుకుని వచ్చి మా ఇంటి తలుపు తట్టు."

వాకిట్లోంచి లావర్, "అమ్మా!" అని అరిచాడు.

"నువ్వు నోర్ముయ్. పెళ్లికూతుర్ని నేను."

పొక్కులకు తగలకుండా నేను విప్పిచ్చిన పూసల పేటల్ని ఇంటికి వచ్చేటప్పుడు చేతికి మోచేతిదాకా చుట్టుకుంది. ట్రోట్రో బండిలో చెయ్యి కిటికీ మీద ఆనించి, ఊరంతా చూసేలా కూర్చుంది. ఇన్నేళ్లు దాచినవాటిని అలా ఎండలో పెట్టడానికి సిగ్గెందుకు లేదో నేను అడగలేదు. కత్తెరని గెలిచినవాటికి దాక్కోవలసిన పని ఏముంది?

పొక్కులు ఎండి రాలిపోయాక, నేనే దారం మార్చి కట్టాను. ఈసారి కళ్లు మూసుకోమనలేదు. ఆ శనివారం సంతలో తన పీట మీద కూర్చుని, డాక్టర్ అన్న మాటల్ని తనే కనిపెట్టినట్టు చెబుతోంది: "పక్కనొప్పి అంటే కిడ్నీ ఒక్కటే కాదే! ముందు గుడ్డ తీసి చర్మం చూసుకోండి!"

అంతలో జనం పక్కకి జరిగారు. డాక్టర్ బోటెంగ్! చేతిలో ష్నాప్స్ సీసా.

"తలుపు తట్టడానికొచ్చాను మామ్మగారూ. ఇక్కడ తలుపు లేదు, ఏం చెయ్యను?"

సంత గొల్లుమంది. అత్తయ్య సీసా అందుకుని మూత విప్పి, మొదటి చుక్కలు ఆ పూసలు కట్టిన అమ్మమ్మ పేరు చెప్పి నేల మీద పోసింది. తర్వాత అతణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, పూసలకు బేరం ఆడేవాళ్లతో మాట్లాడే గొంతుతో అంది:

"ఒక్క సీసాయేనా? ఈ నడుము అంత చవక కాదు నాయనా!"