మీ డబ్బాలకి మా తాళాలు

మా అన్నయ్య కాపీ కొట్టలేదు. దొంగపని చేసింది మీరు. ఘర్‌జోడ్ నెట్ కంపెనీ వాళ్లారా, మిమ్మల్నే అంటున్నాను. మా గోడకి వేలాడుతూ, మా కరెంటు తింటూ, మీ తెల్ల వైఫై డబ్బా మా అన్నయ్య నోటికాడ కూడు లాగేసింది. ఏం జరిగిందో చెబుతాను, వినండి. మధ్యలో ప్రకటన వెయ్యను, భయపడకండి.

మా అన్నయ్య ఆదిబాబు ఫిట్టర్. ఇరవై ఆరేళ్లుగా కాంట్రాక్టు మీద ఇక్కడి ఉక్కు ప్లాంటులో పని. బారిడీహ్‌లో వాళ్లింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. వచ్చే సోమవారం నుంచి కొలిమి ఆపి చేసే పెద్ద మరమ్మతు. అందులోకి దిగాలంటే గేటు పాసు మళ్లీ చేయించుకోవాలి. పాసు కావాలంటే సేఫ్టీ పరీక్ష రాయాలి. ఇప్పుడా పరీక్ష ఇంట్లోనే, ఫోన్‌లో. కెమెరా మనిషిని చూస్తూనే ఉంటుంది. తెర మీద పరీక్ష తప్ప ఇంకేది తెరుచుకున్నా కాపీ కొట్టినట్టే.

మంగళవారం పొద్దున అన్నయ్య ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. విజిల్ వస్తే ఉలిక్కిపడతాడని మా వదిన నూకమ్మ పొయ్యి మీద కుక్కరు కూడా పెట్టలేదు. కూతురు కల్యాణి గుమ్మం బయట కాపలా. ఇరవై ప్రశ్నల్లో పదహారు అయ్యాయి. పదిహేడోది గ్యాసు లీకు గురించి. ఆయన వేలు జవాబు మీదకి వెళ్తోంది. సరిగ్గా అప్పుడు తెర నిండా ఎవరో ఆవిడ వచ్చి మోకాలు నిమురుకుంటూ నవ్వింది. మోకాళ్ల నూనె ప్రకటన. పదిహేను సెకన్లు. మూసెయ్యడానికి గుర్తు కూడా లేదు.

నూనే ఎందుకొచ్చిందో తెలుసా? ముందురోజు వదిన తన ఫోన్‌లో మోకాలి నొప్పి గురించి వెతికింది. అది మీ డబ్బా పసిగట్టి ఇంట్లో ఫోన్లన్నిటికీ చాటింది. ఆమె మోకాలు, ఆమె నొప్పి. మీకెందుకు?

నవ్వు అయిపోయేసరికి తెర ఎర్రబడింది. పరీక్షలో కాపీ, ఇరవై ఒక్క రోజులు నిషేధం అని వచ్చింది.

"పాపా, యే క్యా హువా?" అంటూ, ఏమైంది నాన్నా అని హిందీలో అడుగుతూ కల్యాణి లోపలికి పరుగెత్తింది.

"నేనేటీ నొక్కనేదమ్మా. నీ మీదొట్టు, ఏటీ నొక్కనేదు."

కూతురి మీద ఒట్టేసి చెప్పుకునే గతి పట్టించారు ఆ మనిషికి. 

కాంట్రాక్టరు గోవిందరావు దగ్గరికి వెళ్లాం. మావాడే, మాలాగే పలాస వైపు నుంచి వచ్చిన మనిషి.

"ఆదిబాబూ, నిన్ను నాను నమ్ముతాను. సేఫ్టీ ఆఫీసోలు నమ్మాల కదా? తప్పు ఆ డబ్బాదే అనీసి నెట్ కంపెనీ చేత రాయించి ముద్రేయించు. సుక్కురారం ఐదు లోపల తెత్తే మళ్లీ పరీచ్చ పెట్టిత్తాను. నేదంటే సోమారం నీ జాగాలో ఇంకోణ్ని ఎట్టీసుకోవాల. నా సేతిలో ఏటీ నేదు."

ఫిర్యాదు నంబరుకి ఫోన్ చేశాను. ఫిర్యాదు చెప్పుకోవాలంటే ముందు పరుపుల ప్రకటన వినాలి! విన్నాను. ఒక గొంతు 'మీ ఫోను మాకెంతో ముఖ్యం' అంది, లైను కోసేసింది. నాలుగుసార్లు అదే.

గురువారం సాయంత్రం వీధిలో అందరికీ చెప్పాను. చెప్పడమేమిటి, అరిచాను. చూస్తే ప్రతి ఇంట్లోనూ మంట ఉంది. ఎదురింటి చిన్నమ్మి తల్లి ఆ మధ్య టెక్కలిలో పోతే, వెళ్లలేక ఫోన్‌లో చివరిచూపు చూసుకుంటోంది. ఆ తల్లి మొహం మీద ఫ్రిజ్ అమ్మారు మీరు.

"పగలగొట్టీద్దుమా?" అన్నాడు అన్నయ్యతో పనిచేసే సూర్యం.

"పగలగొడితే కేసు మన మీదే అవుద్ది," అన్నాడు అన్నయ్య. "మిషన్ తేడా సేత్తే లోపల మనవేటి సేత్తాం? సుత్తెట్టి కొడతామేటి? కరెంటు తీసీసి తాళం ఏత్తాం. ఎవులి తాళం ఆలిదే."

ప్లాంటులో పద్ధతి అది. ఒక యంత్రం మీద పదిమంది పనిచేస్తే పది తాళాలు పడతాయి. ఎవరి తాళం వాళ్లే తియ్యాలి. పెద్ద మేనేజరొచ్చినా ముట్టుకోకూడదు. ఒక్క తాళం మిగిలినా యంత్రం కదలదు.

శుక్రవారం పదకొండిళ్లలో డబ్బాలు పీకాం. వదిన రేకుపెట్టెలో పడేసి, గొలుసు చుట్టి, పదకొండు తాళాలు వేశాం. ఒక్కో తాళానికీ పేరు రాసిన ఎర్ర చీటీ. ఆటోలో ఎక్కించి సీతారామ్‌డేరాలో మీ ఆఫీసు కౌంటరు మీద దించాం.

"డబ్బాలు కంపెనీ ఆస్తి, తెరవండి," అన్నాడు మీ మేనేజరు సౌరభ్ హిందీలో.

"మా ఇల్లెవరి ఆస్తి?" అన్నాను నేనూ హిందీలోనే.

కంప్యూటర్లో ఫారం తీసి చూపించాడు. ప్రకటనలకి ఒప్పుకున్నట్టు ఆదిబాబు పేరు పక్కన టిక్కు. పెట్టిందెవరు? డబ్బా బిగించడానికొచ్చిన మీ మనిషి, తన ఫోన్‌లో, మా వదిన ఇచ్చిన టీ తాగుతూ!

"ప్రకటనలు డబ్బాలోనే ఉంటాయి మేడమ్. ఇక్కణ్ణుంచి ఆపడం మా చేతిలో లేదు. కాగితమూ ఇవ్వలేం."

అరిగిపోయిన రికార్డులా అదే మాట. మూడు దాటింది. కొత్త కనెక్షన్ కోసం వచ్చినవాళ్లు పెట్టె చూసి, సంగతేమిటని మమ్మల్నడిగి, వెనక్కి పోతున్నారు. అప్పుడు మెత్తబడింది అతని గొంతు. చిన్నమ్మిని పక్కకి పిలిచాడు. ఆమె తాళం తీసేస్తే ఆమె ఇంట్లో ప్రకటనలు ఈ పూటే ఆపిస్తాడట. ఏడాదిపాటు రావట.

చిన్నమ్మి కొంగుముడి విప్పి తాళంచెవి తీసింది. అన్నయ్య తలొంచుకున్నాడు. నిజం చెబుతున్నాను, నాకూ భయమేసింది.

"ఓలె దేవీ, ఇన్నావా?" అంది చిన్నమ్మి నాతో, గది దద్దరిల్లేలా. "ఇందాకా ఆపనేనన్నాడు కదే! మరి మా ఇంట్లో ఎలాగాపుతాడంట?" అతని వైపు తిరిగింది. "బటన్ కహాఁ హై, బాబూ? ఏదీ, ఆ మీటేదో మాకూ సూపించు!"

సౌరభ్ కౌంటరు వెనక్కి వెళ్లాడు.

"బువా, సబ్ రికార్డ్ హో గయా," అని కల్యాణి ఈ మేనత్తకి ఫోన్ ఎత్తి చూపించింది, అతను అన్నదంతా అందులో ఉంది.

అతను పైవాళ్లకి ఫోన్ చేస్తానన్నాడు. చేశాడు. ఇంకా చేస్తూనే ఉన్నాడు. బయట సూర్యం స్కూటర్ స్టార్ట్ చేసి ఉంచాడు. గోవిందరావు ఆఫీసుకి పావుగంట దారి. గోడ మీద గడియారం నాలుగూ ముప్పై ఐదు. అన్నయ్య ఆ గడియారాన్నే చూస్తున్నాడు.

కౌంటరు మీద మీ కంపెనీ పేరున్న కాగితం ఒకటి లాగి అతని ముందు పెట్టాను. ముద్ర కూడా అక్కడే ఉంది.

"ఫోన్ పెట్టెయ్. రాయి. 'మంగళవారం పొద్దున ఆదిబాబు పరీక్ష మధ్యలో వచ్చింది మా ప్రకటన. అతను కాపీ కొట్టలేదు. తప్పు మాది.' రాసి సంతకం పెట్టు, ముద్ర వెయ్యి. ఒక్క చిన్నమ్మి ఇంట్లోనో, మా పదకొండిళ్లలోనో కాదు, ఈ ఊళ్లో మీ డబ్బా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆ ప్రకటనలు ఆపాలి. అంతవరకూ మా తాళాలు కదలవు. కానీ ముందు కాగితం. ఇప్పుడే రాయి!"