రోజుకు పది మాటలు

చపాతీ పెనం మీద పడ్డాకే ఆయనకు మాట అడగాలని గుర్తొస్తుంది. అంతకుముందు అరగంట నుంచీ సోఫాలో ఫోను చూసుకుంటూ ఖాళీగానే ఉంటారు. పిండి కలిపేటప్పుడు అడగరు, ఉండలు చేసేటప్పుడు అడగరు. సరిగ్గా ఒకటి పెనం మీదా ఒకటి కర్ర కిందా ఉన్నప్పుడు వంటింటి గట్టు దగ్గరికొచ్చి నిలబడి, పుస్తకం తెరిచి, "కౌంటెనెన్స్" అంటారు. ముఖకవళిక. నాకు తెలుసు. మధ్యాహ్నం గిన్నెలు కడుగుతూ నాలుగుసార్లు చెప్పుకున్నాను. కానీ ఆయన కళ్లద్దాల పైనుంచి చూసేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ప్రభువా, ఈ ఒక్క మాట గుర్తు చెయ్యి, అని లోపల ప్రార్థన చేసుకుంటాను. అంతలో చపాతీ మాడుతుంది. "మాటా రాదు, చపాతీ రాదు" అని ఆయన నవ్వుతారు. తొమ్మిదేళ్ల మా షెరిన్ హోంవర్కులోంచి తలెత్తి చూసి, గబుక్కున దించుకుంటుంది.

మా ఇంట్లో పొద్దున వాక్యం, సాయంత్రం పుస్తకం. పుస్తకం అంటే ఒకటే. నూటయాభై ఏళ్ల కిందటి ఇంగ్లీషు నవల, ఇటుకంత లావు. మా మామగారు దేవసహాయం మాస్టారు మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. ఆ నవల్లో కష్టమైన మాటలన్నిటికీ ఎర్ర పెన్సిల్‌తో గీతలు కొట్టి, పక్కన తెలుగు అర్థం రాసి, నలుగురు పిల్లలచేతా రోజుకు పది మాటలు అప్పజెప్పించుకునేవారట. తప్పితే స్కేలు నిలువుగా పట్టుకుని వేళ్ల కణుపుల మీద. మా ఆయన సత్యానందం గారు ఆ కథ చెప్పేటప్పుడు చెయ్యి చాపి చూపిస్తారు. "ఈ దెబ్బలే నన్ను అమెరికాకి, ఈ అల్ఫారెట్టా దాకా తెచ్చాయి" అంటారు. దెబ్బలు కొట్టించుకున్నవాడికి కోపం రావాలి గాని ఇంత మురిపెమేమిటో నాకు అర్థం కాదు. 2012లో నేనూ షెరినూ ఆయన దగ్గరికి వస్తుంటే మామగారు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, అమ్మా, నీకూ అవసరమే, అన్నారు. వందనాలండి అని తీసుకున్నాను. ఏం తీసుకుంటున్నానో అప్పుడు తెలియదు.

పెళ్లికి ముందూ తర్వాతా కలిపి ఆరేళ్లు మిషన్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేశాను. కేసు షీట్లు రాసింది ఇంగ్లీషులోనే, డాక్టరు దొరసానితో మాట్లాడింది ఇంగ్లీషులోనే. ఇక్కడికొచ్చాక మూడేళ్లు, భార్యలను పని చెయ్యనివ్వని హెచ్-ఫోర్ వీసా మీద వండిపెడుతూ కూర్చున్నాను. ఈ ఏడాది, 2015లో, మాలాంటివాళ్లకు కూడా పని చేసుకునే కార్డు ఇస్తామన్నారు. సెప్టెంబరులో నా కార్డు వచ్చింది. మా అపార్ట్‌మెంట్‌కి రెండు సిగ్నళ్ల అవతల ముసలివాళ్లు ఉండే పెద్ద హోమ్ ఒకటుంది. అందులో ఆయాలాంటి పని ఖాళీ ఉందని తెలిసి, ఆయనకు అన్నం వడ్డిస్తూ మెల్లగా చెప్పాను. నర్సు పని కాదు, దానికింకా పరీక్షలున్నాయి, కానీ మంచం పక్కన నిలబడే పని. మళ్లీ ఒక నాడి పట్టుకుంటే చాలుననిపించింది. ఆయన కాదనలేదు. కాదంటే బాగుండేది, తిట్టుకుని ఊరుకునేదాన్ని.

"ఫస్ట్ హండ్రెడ్ పేజెస్ అప్పజెప్పు. ఫైవ్ మిస్టేక్స్ దాకా ఓకే. అప్పుడు పంపిస్తాను ఇంటర్వ్యూకి" అన్నారు.

ఆ రోజు నుంచీ నాకు నిద్రలో కూడా ఎర్ర గీతలే. బాత్రూమ్ అద్దం మీద చీటీ, బియ్యం డబ్బా మీద చీటీ, లాండ్రీ బుట్టలో చీటీ. ఒక్కదాన్నే ఉంటే వాగులా వస్తాయి మాటలు. గరాజ్ తలుపు చప్పుడైతే చాలు, ఒక్కొక్కటే జారుకుంటాయి. జ్ఞాపకశక్తి తగ్గిందేమోనని బాదంపప్పు నానబెట్టుకుని తిన్నాను. థైరాయిడ్ అయుంటుందని చర్చిలో ఒకావిడ అంది, అదీ చూపించుకున్నాను. రిపోర్టు నిక్షేపంలా ఉంది. అంటే నా బుర్రే మట్టిబుర్ర అని ఖాయం చేసుకున్నాను.

వచ్చిన మాటలైనా ఎక్కడ వాడాలో తెలిసి చస్తేగా. షెరిన్‌కి దగ్గయితే మందుల షాపుకి వెళ్లి, పుస్తకంలో మనుషులు ఎలా అడుగుతారో అలాగే అడిగాను. దయచేసి ఈ బిడ్డకు సిరప్ 'బెస్టో' చెయ్యండి, మీకు సదా 'ఆబ్లైజ్డ్'గా ఉంటాను, అని. కౌంటర్లో అమ్మాయి రెండుసార్లు "ఎక్స్‌క్యూజ్ మీ?" అంది. వెనక లైన్లో ఎవరో నవ్వారు. షెరిన్ నా చెయ్యి వదిలేసి ముందుకెళ్లి, "మై మామ్ డజంట్ నో ఇంగ్లిష్" అని చెప్పి మందు తీసుకుంది. ఆరేళ్లు ఇంగ్లీషులో కేసు షీట్లు రాసినదాన్ని. బయటికొచ్చాక అది, "సారీ మమ్మీ, బట్ నోబడీ టాక్స్ లైక్ దట్" అంది. పిల్లదాని మీద కోపం రాలేదు. ఏడుపొచ్చింది.

ఆ పుస్తకంలో కథ కూడా ఉందన్న సంగతి నాకు చాలాకాలం తోచలేదంటే నమ్ముతారా? గీత ఉన్న మాట, పక్కన అర్థం, మళ్లీ గీత ఉన్న మాట. పిచుక గింజలు ఏరుకున్నట్టు ఏరుకుంటూ పోయాను. కార్డు రావడానికి ముందు, ఆగస్టులో ఒక మధ్యాహ్నం డ్రైయర్ తిరుగుతుంటే, ఊరికే మొదటి పేజీ మొదటి వాక్యం నుంచీ చదివాను. ఒక పాదిరిగారి విధవ ఉంది. అన్నగారి పెద్దింట్లో ఉంటుంది. అందరికీ టీ పోస్తుంది, అందరి మేజోళ్లూ కుడుతుంది. ఆమె బల్ల దగ్గర కూర్చునుండగానే ఆమె గురించి నిర్ణయాలు చేసేస్తుంటారు. సగం మాటలు తెలియకపోయినా నాకన్నీ తెలిసిపోయాయి. 'వెక్స్' అంటే విసిగించు అని మామగారు రాసింది ఇరవైసార్లు చదివినా తలకెక్కలేదు. టీ చల్లారిందని వదినగారు ఆమెను మూడోసారి లోపలికి పంపినప్పుడు మాత్రం ఎక్కింది. ఆరిన బట్టలు డ్రైయర్లోనే ముడతలు పడ్డాయి, నేను నలభై పేజీలు దాటేశాను.

సంతోషం ఆపుకోలేక సాయంత్రం ఆయన్ని అడిగాను, వాళ్లన్నయ్య మంచివాడేనంటారా, అని. "ఎవరన్నయ్య?" అన్నారు. పుస్తకంలో అన్నాను. "పుస్తకంలో అన్న ఎవడు?" అన్నారు. ముప్పయ్యేళ్లు ఆ పుస్తకం పేరు చెప్పి బతికిన మనిషి, అందులో ఒక్క మనిషి పేరు ఎరగడు. పాపం, పదేళ్ల పిల్లాడు కణుపులు కాపాడుకుంటూ చదివితే కథ ఎక్కడ కనిపిస్తుంది అనిపించింది. ఆ జాలి ఎక్కువసేపు నిలవలేదు. "కథలు చదువుకోమని కాదు నీకిచ్చింది. టైమ్ వేస్ట్ చెయ్యకు" అనేసి టీవీ పెట్టుకున్నారు.

అక్టోబరు మొదటి శనివారం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పదిహేనుమంది వచ్చారు. నాలుగింటికి లేచి చికెన్ కూర, గారెలు, పులిహోర చేశాను. ప్రార్థనయ్యాక అందరూ పళ్లాలు పట్టుకుని నిలబడి తింటున్నారు. నేను వేడి గారెలు వడ్డిస్తున్నాను. ఆయనకు ఉత్సాహం వచ్చింది. మా నవోమి వొకాబులరీ చూడండి బ్రదర్, అంటూ ఆఫీసు స్నేహితుడు లెవి గారిని పిలిచి, నా వైపు తిరిగారు. "నవోమీ, ఆబ్‌స్టినేట్." పదిహేనుమంది నమలడం ఆపారు. చేతిలో గారెల పళ్లెం బరువెక్కింది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. లెవి గారు తల దించుకుని, "పోనివ్వండి బ్రదర్, ఆకలేస్తోంది" అన్నారు. మా ఆయన పోనివ్వలేదు. "మొండి! నీ గురించే కదా రాశారు మా నాన్నగారు, అదీ గుర్తులేదా?" అన్నారు. అందరూ నవ్వారు. "ఇలాంటిదాన్ని ఇంటర్వ్యూకి పంపితే నా పరువేం కాను?" అని ఇంకోటి వేశారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం. నవ్వుతూనే ఇంకో గారె ఆయన పళ్లెంలో వేశాను.

మర్నాడు పక్క అపార్ట్‌మెంట్ రాధారాణికి చెప్పాను. ఆమెది కరీంనగర్, నాకంటే చిన్నది, నోరు మాత్రం పెద్దది. నేను చెబుతుంటే మధ్యలోనే ఫోను తీసి ఆ హోమ్ నంబరు కొట్టి నా చేతిలో పెట్టింది. మంగళవారం పదిన్నరకు రమ్మన్నారు. "అక్కా, నేను తీస్కపోత. నువ్వు రెడీగ ఉండు. ఎవ్వలికి చెప్పకు" అంది. మంగళవారం పొద్దున ఆయన కారు సందు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. రాధారాణి కార్లో చీటీలు ఒళ్లో పరుచుకుని కూర్చున్నాను. చెమటకు సిరా చేతికి అంటుకుంది. వెనక్కి తిప్పు రాణీ, అని రెండుసార్లు అడిగాను. ఆ పిల్ల విననట్టే పోనిచ్చింది.

లోపల నీలం కోటు వేసుకున్న పెద్దావిడ కుర్చీ జరిపి నా పక్కనే కూర్చుంది. మాట అర్థమేమిటని అడగలేదు. ఇక్కడో ముసలాయన పడిపోతే మొదట ఏం చేస్తావు, అని అడిగింది. లేపను, అన్నాను. ముందు పక్కన కూర్చుంటాను, పేరు పెట్టి పిలుస్తాను, తలా తుంటీ చూస్తాను, ఊపిరి చూస్తాను, నర్సును పిలుస్తాను, వచ్చేదాకా చెయ్యి వదలను. ఒక్కో మాటా దాని చోటికి అదే వచ్చి కూర్చుంది. ఆవిడ రాసుకుంటోంది. మరి మందు మింగనని నోరు బిగించుకునే మనిషి సంగతేమిటి అంది. ఆ మాట అప్పుడొచ్చింది, పిలవకుండానే.

"హీ ఈజ్ నాట్ ఆబ్‌స్టినేట్, మేడమ్. హీ ఈజ్ అఫ్రెయిడ్" అన్నాను. గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఇంకా బిగించుకుంటాడు, నేనైతే కూర్చుంటాను, తొందరపెట్టను, అని చెప్పాను. ఆవిడ రాయడం ఆపి నన్ను చూసింది. వచ్చే సోమవారం ఏడింటికి రాగలవా అంది. కార్లోకి వచ్చి రాధారాణి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ తర్వాత అయిదు రోజులూ నరకమే. రాధారాణి కొనిచ్చిన నీలం యూనిఫారం దుప్పట్ల కింద దాచాను. ఆయన బెడ్రూమ్‌లోకి వెళితే వెనకే వెళ్లేదాన్ని, అల్మరా తలుపు కిర్రుమంటే పరుగెత్తేదాన్ని. బుధవారం చెబుదామనుకున్నాను, ఆయనకు మేనేజర్ ఫోనొచ్చింది. మేనేజర్ ఫోనొస్తే ఆయన ఇంట్లో ఉన్నా లేచి నిలబడి మాట్లాడతారు. పెట్టేశాక ఎవరో ఒకరి మీద అరవాలి, ఆ రోజు షెరిన్ మీద అరిచారు. గురువారం, శుక్రవారం నా నోరే పెగల్లేదు. వెళ్లనని ఫోన్ చేసి చెప్పేస్తే పీడా వదిలిపోతుందని శనివారం నంబరు కూడా కొట్టి, రింగ్ అవకముందే కట్ చేశాను.

ఆదివారం చర్చి నుంచి వచ్చి భోంచేశాక, ఈ రోజు ఫైనల్, అన్నారు ఆయన. నేను బల్ల దగ్గర చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. షెరిన్ ఎదురుగా బొమ్మలేసుకుంటోంది. ఆయన నిలబడే మొదలుపెట్టారు. పదకొండు మాటలు చెప్పాను. పన్నెండోది 'రిప్రోచ్'. నింద అని తెలుసు. ఆయన వేలు పేజీ మీద టకటకా కొడుతోంది. షెరిన్ చేతిలో క్రేయాన్ ఆగిపోయింది. మెడ రెండు భుజాల మధ్యకు లాక్కుని, దెబ్బ తన మీదే పడుతుందన్నట్టు కూర్చుంది నా బిడ్డ. ఆ మెడ చూస్తూ ఉండిపోయాను. మాట రాలేదు. తర్వాతదీ రాలేదు, ఆ తర్వాతదీ రాలేదు. ఆరోది కూడా తప్పాక పుస్తకం టప్పున మూశారు.

"ఇంకో సిక్స్ మంత్స్. ఇంటర్వ్యూ లేదు, ఏం లేదు" అన్నారు.

చిక్కుడుకాయలు పక్కకు జరిపి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇంటర్వ్యూ మంగళవారమే అయిపోయిందండీ. రేపు ఏడింటికి డ్యూటీ. రాధారాణి దింపుతుంది. షెరిన్‌ని మీరు బస్సెక్కించాలి" అన్నాను. మాటలన్నీ బయటికి వచ్చాయి.

ఆయన మూసిన పుస్తకం బల్ల మీద పెట్టారు. అరుస్తారని పళ్లు బిగబట్టి కూర్చున్నాను. అరవలేదు. నిజంగానే అర్థంకాక అడిగారు.

"నా ముందు నాలుగు మాటలు చెప్పలేవు. అక్కడ వాళ్ల ముందు ఇంగ్లీషులో ఎలా మాట్లాడావు నువ్వు?"

"అక్కడ నన్నెవరూ భయపెట్టలేదండీ" అన్నాను.