పారెయ్యమన్న సీసా

మా వాడలో వెనిగర్ విషయంలో నా మాటకు తిరుగులేదు. నలభై ఏళ్ళుగా చాపెల్ పండగకు వండే పంది మాంసం కూర సోర్పోతెల్‌లో పడేది నా జాడీలోదే. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటే మూడే. నాలుగోది లెక్కపెట్టే ధైర్యం ఎవరికీ లేదు.

అసలు సంగతి నాకొక్కదానికే తెలుసు. నా జాడీ చచ్చిపోయి రెండేళ్ళయింది.

అమ్మాయి పురిటికని మస్కట్ వెళ్ళి ఏడు నెలలు ఉండిపోయాను. తిరిగొచ్చి మూత తీస్తే మా అత్తగారి నాటి తల్లి అడుగున ఎండిన తొక్కలా అంటుకుని ఉంది. తల్లి అంటే వెనిగర్ పైన కట్టే దళసరి పొర. అది ఉంటే చాలు, ఎంత కల్లు పోసినా వెనిగర్‌గా మార్చేస్తుంది. మళ్ళీ మొదలుపెడదామని ఎర్రగా కాల్చిన పెంకుముక్క కొబ్బరికల్లులో వేసి, గుడ్డ కట్టి రెండుసార్లు కాచుకున్నాను. మా చెట్లెక్కి కల్లు గీసే ఇనాస్ మోకాళ్ళు పోయి ఎక్కడం మానేశాడు, బజారు కల్లులో సగం నీళ్ళే. రెండుసార్లూ తెల్లగా, నూగుగా బూజు పట్టింది. చేసేది లేక మడ్గావ్ బజారులో వెనిగర్ కొని, సంచిలో పైన తోటకూర కప్పి తెచ్చి జాడీ నింపాను. పండగకు అదే ఇచ్చాను. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతున్నాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం పక్కింటి సెవెరినా కొత్త కోడలు ఎల్వీనా సీసా ఒకటి పట్టుకొచ్చింది. ఈ వాడలో చిన్నవాళ్ళందరికీ నేను తియానే, అంటే అత్తనే.

"తియా, కాస్త ఇది చూస్తారా? పైన ఏదో కట్టింది. తల్లో బూజో తెలీడంలేదు."

వేయించిన చేప మీద చల్లుకునే కారం వెనిగర్ అది. లోపల చిన్న మిరపకాయలు, అల్లం, మిరియాలు, వెల్లుల్లి. వెల్లుల్లి రెబ్బలు నీలం తిరిగి ఉన్నాయి. సీసా మెడ దగ్గర ఎర్రటి పొర, దానికి ఒక తొడిమ అతుక్కుని ఉంది. నా జాడీలో తల్లి ఎప్పుడూ పాలరంగే. పైగా రెండుసార్లు బూజు చూసి హడలిన కళ్ళు నావి. మూత కూడా తియ్యలేదు.

"బూజే. పారెయ్."

"వాసన చూడరా?"

"ఆ నీలం కనబడ్డంలా? విషం! వెనిగర్‌లో కూరల బుట్టంతా కుక్కితే ఇంకేమవుద్ది?"

"వెల్లుల్లి పులుపులో ఒక్కోసారి అలా నీలం తిరుగుద్ది తియా. కార్వార్‌లో మా అమ్మ వేసినా అంతే. అందరం తిన్నాం, బతికే ఉన్నాం."

"అంత తెలిసినదానివి నన్నెందుకు అడగడం?"

ఆ పిల్ల తల దించుకుంది. "మస్కట్ వెళ్ళేముందు మీరు మా అత్తకిచ్చిన వెనిగర్ ఇది. అటకమీద దొరికితే దాంట్లోనే ఇవన్నీ వేశాను. మీరిచ్చింది పాడుచేశానేమోనని..."

అంటే ఇది నా జాడీ బతికున్నప్పటి వెనిగర్! సీసా లాక్కుని మూత తీశాను. ఘాటు సూటిగా ముక్కుకెక్కింది, ముక్కిన వాసన లేదు. చెంచా కాడతో పొరను నొక్కాను. బూజైతే నూగుగా, పొడిగా ఉంటుంది, తాకితే చెదిరిపోతుంది. ఇది లేత కొబ్బరిలా నున్నగా జారింది, సాగింది గానీ తెగలేదు. ఆ ఎరుపు మిరపకాయలు దిగిన రంగు. మా అత్తగారి తల్లి బతికే ఉంది.

ఆ మాట అప్పుడే అనొచ్చు. అనలేదు.

"ఇక్కడ పెట్టి వెళ్ళు. నేనే పారబోస్తాలే," అన్నాను.

"సరే తియా," అని వెళ్ళిపోయింది.

జాడీ ఖాళీ చేసి, కడిగి, ఎండలో పెట్టాను. అన్నం ముందు కూర్చున్నాను. ఆ పిల్ల చెప్పింది నిజం. నేను దాన్ని విషమని తిట్టి, ఇప్పుడు ఆ విషాన్నే దొంగిలిస్తున్నాను. దించుకున్న ఆ తల పదేపదే కళ్ళముందుకొచ్చింది. చెయ్యి కడుక్కుని, సీసా తీసుకుని పక్కింటికి నడిచాను.

వంటింట్లో సెవెరినా రొయ్యలు ఒలుస్తోంది. ఎల్వీనా ఉల్లిపాయలు తరుగుతోంది. కూర్చోకుండానే అనేశాను.

"ఇది బూజు కాదు, తల్లి. నీ దగ్గర కొట్టేద్దామని అబద్ధమాడాను. నా జాడీ చచ్చి రెండేళ్ళయింది. పండగకి నేనిచ్చేది బజారు వెనిగర్."

సెవెరినా తలెత్తలేదు. "హమ్మయ్య. ఇప్పటికి చెప్పావు."

"నీకు తెలుసా?"

"వాడంతా తెలుసు. నీ వెనిగర్ పడితే సోర్పోతెల్ వారం నిలిచేది, పోయినేడు మూడోరోజుకే పోయింది. ఇంకోటి, నువ్వు కొన్న కొట్టు మా పిన్ని కొడుకుదే."

"మరి ఒక్కరూ అడగలేదే!"

"అడిగితే మళ్ళీ పండగకి వస్తావా నువ్వు? తలుపేసుకుని కూర్చుంటావు. నీ సంగతి మాకు తెలీదా?"

ఎల్వీనా ముసిముసిగా నవ్వింది. "తల్లో బూజో తెలీక కాదు తియా తెచ్చింది. చూడగానే మీరు గుర్తుపట్టి ఉంచేసుకుంటారని అత్త పంపింది. మీరేమో పారెయ్ అన్నారు! దార్లో నాకు ఏడవాలో నవ్వాలో తెలీలేదు."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రెండేళ్ళు బతికానన్నమాట. ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత రొయ్యల బుట్ట పక్కన కూలబడి చిన్నపిల్లలా ఏడ్చాను. సెవెరినా ఆ రొయ్యల చేత్తోనే నా వీపు నిమిరింది.

తల్లిని పళ్ళెంలోకి తీసి, నీళ్ళు తగలకుండా వెనిగర్‌తోనే కడిగి, చెరిసగం కోశాం. ఎల్వీనా వాళ్ళ నాన్న ఇంకా చెట్లెక్కుతాడట. నీళ్ళు కలపని కల్లు ఆదివారం బస్సులో వస్తుంది. అది వెనిగర్ కావడానికి నెలలు పడుతుంది, పండగ చూస్తే మూడు వారాల్లోకొచ్చింది.

పండగ ముందురోజు చాపెల్ వెనక పొయ్యిల దగ్గర ఆడవాళ్ళందరూ చేరాక, సీసా ఎత్తి చూపిస్తూ గట్టిగా చెప్పాను. "వినండర్రా, ఇది బజారుది. పోయిన రెండు పండగలకీ పోసింది కూడా బజారుదే."

గరిటెలు ఆగిపోయాయి.

"అయ్యో, అవునా తియా!" అంది ఒకతి.

"మాకసలు తెలియనే తెలీదే!" అంది ఇంకొకతి.

వాడ మొత్తం బుగ్గలు నొక్కుకుంది. ఒక్కరంటే ఒక్కరు నవ్వలేదు.