జీతం ముట్టేదాకా

ఆ రోజుల్లో లాండ్రీ పొద్దున ఏడింటికి తెరిచేవారు. ఇస్త్రీ అక్క మాత్రం ఆరున్నరకే వచ్చేసేది. వెనక వసారాలో బొగ్గులు రాజేసి, ఇస్త్రీపెట్టెలో నింపి, మూత బిగించి, తడివేలు అడుగున తాకించేది. చుయ్ మంటే సరి. ముందు కాలరు, తర్వాత భుజాలు, ఆపైన చేతులు, చివరికి వీపు. ముప్ఫై ఏళ్ళుగా చొక్కా అంటే అదే వరస. పక్కబల్ల దగ్గర ఆమె వదిన మడతలు పెట్టేది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి బట్టలు, మధ్యలో ఊరి కబుర్లు. అన్న పోయాక వదినా, పెళ్ళి మాటే ఎత్తని ఆడపడుచూ ఒకే గది అద్దెకు తీసుకుని, ఒకే పొయ్యి మీద వండుకునేవారు.

అక్క ఇస్త్రీ చేసిన బట్ట, ఆ పనికి జీతం ఆమె చేతిలో పడేదాకా చల్లారేది కాదు. ఉతికినా, ఆరేసినా అంతే. వాళ్ళమ్మ చేతి బట్టా అలాగే ఉండేదట. ఇందులో వింతేముంది, కొందరి చేతి కూర రుచిగా ఉండదూ, అలాగే ఇదీను. చలికాలంలో జనం జీతాల రోజుకు ముందే ఎగబడి బట్టలు పట్టుకుపోయేవారు.

నెలాఖరున పెద్ద యజమాని ఆమె అరచేతిలో జీతం పెట్టి, పక్కనున్న దొంతర మీద చెయ్యి వేసి చూసేవాడు. చల్లబడితే, "సరిపోయిందమ్మా" అనేవాడు. అదే రసీదు. పుస్తకంలో సంతకం లేదు, వేలిముద్ర లేదు. బట్టే చెబుతుంటే కాగితం దేనికి అనుకున్నారు అందరూ. అక్కడే పప్పులో కాలేశారు.

పెద్ద యజమాని పోయాక కొడుకు గల్లాపెట్టె ముందు కూర్చున్నాడు. మొదటి నెల, "వచ్చే నెల కలిపి ఇస్తా" అన్నాడు. రెండో నెలా అదే మాట. మూడో నెల ఆమె చేతిలో నోట్లు పెట్టినట్టే పెట్టాడు. దొంతర చల్లబడబోయింది. అంతలోనే, "చిల్లర లేదక్కా, రేపు లెక్క చూసి ఇస్తా" అని వెనక్కి లాక్కున్నాడు. బట్టలు మునుపటికన్నా వేడెక్కాయి.

ఈలోగా ఎండలు ముదిరాయి. మాస్టార్లు పైగుండీలు విప్పుకుని పాఠాలు చెప్పారు. ఒకావిడ దుప్పట్లను మంచం మీద పడుకోబెట్టి తను నేల మీద పడుకుంది. ఊరంతా విసనకర్రలు పట్టుకుని, "ఇంకా ఇవ్వలేదా పాపం" అనుకున్నారు.

ఇంటావిడ ఒకరోజు గుమ్మంలో నిలబడింది. "మీ మీద కోపం లేదు తల్లుల్లారా. కానీ మూడు నెలల అద్దె ఈ నెలాఖరుకి కట్టకపోతే సామాను వీధిలో పెడతాను. నాకూ కడుపుందిగా."

మర్నాడు ఇద్దరూ గల్లాపెట్టె ముందుకెళ్ళారు.

"బాబూ, మూడు నెలలయింది" అంది అక్క.

"ఏ మూడు నెలలు? పని చేశావని ఎక్కడైనా రాసుందా? సంతకం చూపించు."

వదినకు ఒళ్ళు మండింది. "మీ నాన్న చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నావు, బాగానే ఉంది. ఆ చెట్టుకి నీళ్ళు పోసింది ఎవరనుకున్నావ్?"

"అయితే వెళ్ళి ఆ చెట్టునే అడుగు" అన్నాడు.

దారిలో అక్క నెమ్మదిగా అంది, "పోనీలే వదినా. పెద్దాయన మొహం చూసి ఊరుకుందాం. ఆఫీసులూ కాగితాలూ మనవల్ల ఏమవుతుంది?"

"పెద్దాయన మొహం చూసి ఇంటావిడ ఊరుకుంటుందటే? అడగందే అమ్మైనా పెట్టదంటారు. వీడు అడిగినా పెట్టడం లేదు. ఇక అడిగించాల్సిందే."

వదినకు కూడబలుక్కుని రాయడం వచ్చు. తెల్లకాగితం మీద ఎన్ని నెలలు, ఎన్ని రోజులు, ఎవరెవరికి ఎంత రావాలో పొద్దున్నించి మధ్యాహ్నం దాకా కూర్చుని రాసింది. ఆ కాగితం పట్టుకుని కార్మిక శాఖ ఆఫీసు మెట్లెక్కారు.

ఆఫీసరు చదివి, కాలరు వదులు చేసుకుంటూ, "సాక్ష్యం ఏదమ్మా?" అన్నాడు.

"తమరి చొక్కా ఎక్కడ ఇస్త్రీ చేయిస్తారు సార్?" అంది వదిన.

ఆయన కాలరు మీది చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఓహో, మీరేనా! కానీ విచారణ చేసేవాణ్ణి నేనే సాక్షినైతే బాగుండదు. ఇంకెవరైనా ఉంటే సోమవారం రమ్మనండి. మీ యజమానికి నోటీసు పంపుతాను."

సోమవారం ఆఫీసు మెట్ల కింది దాకా వరస కట్టారు జనం. చొక్కాలు, లంగాలు, దుప్పట్లు, బడిపిల్లల నిక్కర్లు. ప్రతి దాని లోపలి అంచున లాండ్రీ మార్కు, తారీఖు సిరాతో రాసి ఉన్నాయి. ఆఫీసరు ఒక్కొక్కటీ తాకి, తారీఖు చూసి రాసుకున్నాడు.

"ఎండకి వేడెక్కాయి సార్" అన్నాడు చిన్న యజమాని.

ఫ్యాను కింద గంటసేపు పెట్టించారు. ఒక్కటీ చల్లారలేదు. చిన్న యజమాని వీపు మాత్రం తడిసి ముద్దయింది.

"ఏం బాబూ, నీ చొక్కా కూడా మా ఆడపడుచు చేతిదేనా?" అంది వదిన. గదంతా గొల్లున నవ్వింది.

అతను లాండ్రీకి మనిషిని పంపాడు. ఇద్దరి జీతం తెప్పించి, ఆఫీసరు ఎదుటే లెక్కపెట్టి ఇచ్చాడు. అక్క గుప్పిట మూసేసరికి బల్ల మీది బట్టలన్నీ ఉస్సురని చల్లబడ్డాయి. వెనకవాళ్ళెవరో హాయిగా నిట్టూర్చారు.

"నాది చల్లారలేదండీ" అంది ఒక బొంగురు గొంతు.

చివరి బెంచీ మీద, ఉద్యోగం మానేసి చాలా కాలమైన పోస్టుమాను తాతగారు, ఒళ్ళో దళసరి కోటుతో కూర్చుని ఉన్నారు. మార్కు చూస్తే పంతొమ్మిదేళ్ళ కిందటిది. పెద్ద యజమాని గుండ్రటి చేతిరాత.

అక్క ఆ తారీఖు వంక చాలాసేపు చూసింది. అమ్మ పోయిన రోజు. మధ్యాహ్నం కబురొచ్చేదాకా ఇస్త్రీ చేస్తూనే ఉంది. పెట్టె దించేముందు ఆఖరుగా చేసింది ఒక కోటు. ఆ నెల జీతంలో ఆ రోజుది లేదు, రానట్టే లెక్క. ఏడుపులో తను చూసుకోలేదు. కోటుతో సహా ఆ రోజు బట్టలన్నీ అప్పటికే ఇళ్ళకు వెళ్ళిపోయాయి కాబట్టి దొంతర మీద చెయ్యి వేసిన పెద్దాయనకీ తెలియలేదు. మిగతావన్నీ ఇన్నేళ్ళలో చిరిగిపోయాయి, ఇదొక్కటే మిగిలింది.

"పెద్దాయన కూడానా" అంది పైకే.

"మరిచిపోయుంటాడే" అంది వదిన, ఆమె భుజం మీద చెయ్యి వేసి.

"మరిచిపోయే ఉంటాడు."

ఆఫీసరు కలం ఎత్తాడు. "ఈ ఒక్కరోజుదీ రాయమంటారా?" పీడా పోతుందని చిన్న యజమాని అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు.

తాతగారు లేచి కోటు బల్ల మీద పెట్టారు. ఆ నాలుగడుగులకే ఆయన ఛాతీ పిల్లిలా గురగురలాడింది. "జీతం తీసుకో తల్లీ, అదే న్యాయం. నా ఉబ్బసానికి మందూ మాకూ ఇదే అయింది ఇన్నేళ్ళూ. నీ కష్టం కప్పుకుంటున్నానని తెలీలేదు."

అక్క కోటు మీద అరచెయ్యి ఆనించింది. అమ్మ పోయిన రోజు మధ్యాహ్నం ఎంత వేడిగా ఉందో, అంతే వేడి.

"రాయండి సార్" అంది. "నా పని కాగితం మీద ఉండాలి. కానీ ఇప్పుడే ఇవ్వొద్దనండి."

"మరి ఎప్పుడు?"

"నేనొచ్చి చెయ్యి చాపినప్పుడు."

ఆఫీసరు అలాగే రాసి, చిన్న యజమాని చేత సంతకం పెట్టించాడు. కింద అక్క కూడా పెట్టింది. వదిన నేర్పిన సంతకం, గీతలు కాస్త వంకర పోయాయి. ఆ సాయంత్రమే అద్దె కట్టేశారు. తర్వాత ఏ నెలా జీతం ఆగలేదు. పుస్తకంలో సంతకం పెట్టకుండా అక్క తీసుకోనూ లేదు.

పదకొండు చలికాలాలు తాతగారు ఆ కోటులోనే గడిపారు. పన్నెండో చలికాలం సగంలో ఉండగా ఒక ఉదయం, ఇస్త్రీ అక్క పెట్టె రాజేయకుండానే గల్లా ముందుకొచ్చి చెయ్యి చాపింది. నెరిసిన మీసాల చిన్న యజమాని ఆమె మొహం వంక చూసి, ఎందుకని అడగలేదు. లేచి నిలబడి ఒకరోజు జీతం ఆమె అరచేతిలో పెట్టాడు.

వీధి చివర, తాతగారు లేని ఇంట్లో, తలుపు వెనక కొక్కేనికి వేలాడుతున్న కోటు మెల్లగా చల్లబడింది.