దూలం కింద నీడ

సూర్యాపేట గంజ్ వెనక సందులోకి తిరిగితే నాటకాల కొట్టం వచ్చేది. దానికి సొంత పేరు లేక కాదు. కమాను మీద సున్నపు అక్షరాల్లో బారెడు పేరు ఉంది. ఆ పేరు పెట్టి పిలిచిన మనిషిని మాత్రం కైలాసం తన యాభై ఎనిమిదేళ్ళ బతుకులో ఒక్కణ్ణీ చూడలేదు. నలభై ఏళ్ళుగా ఆ కొట్టంలో తెర ఎత్తేది ఆయనే, దించేది ఆయనే, పొద్దున లేచి ఊడ్చేది ఆయనే. ఇంత చాకిరీకి ఆయనకేం ముట్టిందంటారా? మోకాళ్ళ నొప్పులు ముట్టాయి.

కట్టించింది ధాన్యం వ్యాపారి మోతీలాల్ సేట్ వాళ్ళ తాత. నిజాం కాలపు మనిషి. గుమ్మం పక్క గోడలో ఒక రాయి చెక్కించి పెట్టి మరీ పోయాడు. ఏటా ఒక్క నాటకమైనా, బయటివాళ్ళు పదిమంది చూడగా, మంగళం పాడి తెర దించేదాకా ఆడాలి. అట్లా ఆడినన్నాళ్ళు ఈ మందిరం ఊరిది. ఆడని ఏడు, ఉగాది నుంచి తన వంశం వాళ్ళది. ఇదీ ఆ రాతి మీది మాట. రాయి పెట్టిన రోజు ఊరంతా నవ్వుకునే ఉంటుంది. ఏటా ఒక్క నాటకమా! వారానికి రెండు ఆడే రోజులవి.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన యాభై ఆరులో చూడాలి కొట్టం వైభోగం. పెన్‌పహాడ్ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. మిర్యాలగూడ మిల్లు షావుకార్లు మంచాలు వెంట తెచ్చుకుని ముందు వరసలో వేయించుకునేవాళ్ళు. కోదాడ అవతలి నుంచి వచ్చిన నటులకు, ఇక్కడి నటులకు పద్యాల్లో పంతాలు. కైలాసం తాడు పట్టుకుని పక్కన నిలబడితే జనం ఈలలకు చెవులు గింగురుమనేవి. ఆ తరువాత సినిమా హాళ్ళు వచ్చాయి. కొట్టం నడిపే కమిటీలో పెద్దలు ఒక్కొక్కరే పోయారు. పోయినవాళ్ళ కొడుకులకు కమిటీ అంటే ఏమిటో కూడా తెలియదు. పెంకులు జారాయి, కోతులు ఎక్కి మరిన్ని జార్చాయి. కరెంటు తీగలు చెడిపోతే బాగు చేయించే దిక్కు లేక, ఉన్న ఆ ఒక్క నాటకం కూడా నాలుగేళ్ళుగా పట్టపగలే ఆడుతున్నారు. పగటిపూట నాటకమేమిటి, చోద్యం కాకపోతే! పై కంతల్లోంచి ఎండ పడి నటుల ముఖాల మీది రంగు కారిపోయేది.

దుర్గమ్మ, కైలాసం పెళ్ళాం, ముప్పై ఏళ్ళుగా ఆ గడప తొక్కలేదు. కారణం ఊరికి తెలుసు. వాళ్ళకు ఒక ఆడపిల్ల పుట్టింది. పదకొండు నెలల పిల్లకు జ్వరం వచ్చి కళ్ళు తేలేసిన వేళ దుర్గమ్మ కొట్టానికి మనిషిని పరుగెత్తించింది. "మంగళం పాడంగనే తెర దించి వస్త" అని కబురు పంపాడు కైలాసం. తెర దించాడు, వచ్చాడు. అప్పటికి పిల్ల లేదు. ముందే వచ్చినా చేయగలిగిందేమీ లేదని దవాఖానలో డాక్టరు అన్నాడు. ఆ మాట దుర్గమ్మకు ఎందుకూ పనికిరాలేదు. మళ్ళీ కడుపు పండలేదు. మొగుడికి అన్నం పెట్టింది, మోకాళ్ళు నొస్తే కాపడం పెట్టింది, కొట్టం ఊసు మాత్రం ఇంట్లో ఎత్తనివ్వలేదు.

డెబ్బై మూడులో వానలు వెనకపట్టాక కైలాసం నిచ్చెన వేసుకుని పైకెక్కాడు. వేదిక ముందు, జనం కూర్చునే చోటికి సరిగ్గా పైన పెద్ద దూలం ఉంది. తెర తాడు నడిచే గిలక కూడా దానికే బిగించి ఉంది. వేలు పెట్టి చూశాడు. వేలు రెండో కణుపుదాకా లోపలికి పోయింది. చెదలు!

మోతీలాల్ చెడ్డవాడు కాదు. ఏటా వచ్చి ముందు బెంచీ మీద కూర్చుని నాటకం అయిందాకా కదలకుండా చూసి, తాత మాట చెల్లిందని చెప్పి పోయేవాడు. అయితే పోయినేడు పోతూ పోతూ ఒక మాట అన్నాడు.

"పెంకులు పోతే పోనియ్ కైలాసం. దూలం గిట్ల పాడైందని తెలిసిందనుకో, నాటకం ఆడినా సరే తాళమేస్త. మనిషి మీద పడితే జవాబు ఎవరు చెప్తరు?"

ఆ మాట కైలాసం చెవిలో మోగుతూనే ఉంది. నిచ్చెన దిగాడు, పెట్టెలోంచి పాత అడవి తెర తీశాడు. చెట్లూ లేళ్ళూ గీసిన దళసరి బట్ట. దాన్ని దూలానికి అటూ ఇటూ మేకులు కొట్టి పందిరిలాగా కట్టేశాడు. మోతీలాల్ చూసి "గిదేంది?" అంటే "జనం మీద దుమ్ము పడకుండ సేటూ" అన్నాడు. అబద్ధం అంత సులువుగా నోట్లోంచి వచ్చేసరికి ఆయనకే సిగ్గేసింది. సిగ్గు వారం రోజులుంది, తరువాత పోయింది.

ఉగాదికి ముందురోజు నాటకం పెట్టుకున్నారు. నాటకమంటే ఇప్పుడు రెండే వేషాలు. అడవిలో తప్పిపోయిన రాణిని రాజు వెతుక్కునే కథ. ఊరి పంతులు ఒకాయన ఎప్పుడో రాసి అచ్చు వేయించకుండానే పోయాడు. రాజు దేవసహాయం మాస్టారు, మేళ్లచెరువు బడిలో పని. రాణి కోదాడ స్వరాజ్యలక్ష్మి. ఆమెకూ యాభై దాటాయి, ఆయాసం కూడా ఉంది. ఇక పదిమంది జనం కావాలి. కైలాసం వారం రోజులు వాకిలి వాకిలీ తిరిగాడు. "పగటిపూట ఎవలొస్తరే?" అన్నారు అందరూ. చివరికి మోతీలాలే జాలిపడి, "మా మిల్లుల వడ్లు చెరిగే ఆడోళ్ళను పగటి ఛుట్టీల పంపుత తీ" అన్నాడు. వాళ్ళు పదిమంది. అందులో ఒకతె దుర్గమ్మ. ఆమె ఎట్లాగూ రాదు, అంటే తొమ్మండుగురు. పదో మనిషి కోసం చాయ్ కొట్టు ఫకీరాను బతిమాలుకున్నాడు కైలాసం.

ఆ పూట స్వరాజ్యలక్ష్మి బస్సు దిగింది గానీ వెంట మాస్టారు లేడు.

"కోదాడలో ఆయన కోసం రెండు బస్సులు వదిలేసి చూశానండీ కైలాసం గారూ. మూడో బస్సు కండక్టరు చీటీ ఇచ్చాడు. బడికి ఇన్‌స్పెక్టరు వచ్చాడంట, కదలడానికి లేదంట" అని చీటీ చేతిలో పెట్టి మెట్టు మీద కూర్చుంది. "ఇంక నావల్ల కాదండీ. ఎందుకొచ్చిన పాట్లు చెప్పండి."

కైలాసం ఆ చీటీ చదవలేదు. చదువు రాక కాదు, ఓపిక లేక. గుమ్మం పక్క ఆ రాతి వంక చూశాడు. తరువాత కిరీటం తీసి తలమీద పెట్టుకున్నాడు.

"రాజు మాటలన్నీ నాకొస్తయమ్మా. నలభై ఏండ్ల సంది పక్కన నిలవడి వింటున్న. పద్యాలు నువ్వందుకో, మాటలు నేను జెప్త."

స్వరాజ్యలక్ష్మికి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చినట్టుంది. లేచి ముఖానికి రంగు పూసుకుంది.

రాజు వేషంలో ఉన్న మనిషే తాడు పట్టుకుని తెర లాగితే కింద ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. తెర బరువుకు దూలం ఒక్కసారి కిర్రుమంది. కైలాసం తాడు గుంజకు కట్టేసి ముందుకు వచ్చి చూశాడు. మొదట సేటును వదిలేసి తలలు లెక్కబెట్టాడు. పది. ఫకీరా లేడు. మరి పదో మనిషి ఎవరు?

దుర్గమ్మ.

పొద్దున ఇంట్లో ఒక్క మాట చెప్పలేదు. వారం రోజులు మొగుడు ఊరంతా తిరిగి ఎండిపోయిన ముఖంతో ఇల్లు చేరడం చూసింది కాబోలు. నూకల దుమ్ము కొంగుతోనే వచ్చి కూర్చుంది. ఎక్కడ కూర్చుంది? హాలంతా కంతల ఎండ. నీడ ఉన్నది ఒక్కచోటే, ఆయన బట్ట కట్టిన చోటు. పదిమందీ ఆ నీడకే చేరి సర్దుకున్నారు. దుర్గమ్మ సరిగ్గా నడుమన ఉంది. ఆమె నెత్తి మీద, పాపిట దగ్గర, సన్నగా ఎర్రటి పొడి పడి ఉంది. తెర లాగినప్పుడు బట్ట అంచుల్లోంచి రాలిన చెద పొడి అది.

లెమ్మని చెప్తే మోతీలాల్ తలెత్తుతాడు. తలెత్తితే తాళం. గంట సేపే కదా, ఇన్ని నెలలు నిలిచింది ఇంకో గంట నిలవదా అనుకున్నాడు. అనుకుని మొదలుపెట్టాడు.

ఏం ఆడాడో ఆయనకే తెలియదు. రాజు రాణిని వెతకాలి, ఈయన కళ్ళేమో దూలం వంకకు పోతాయి. మాటలు మింగేశాడు. రెండు పద్యాలు దాటించేశాడు. స్వరాజ్యలక్ష్మి పక్కకు తిరిగి "ఎందుకండీ అంత తొందర?" అని గొణిగింది. కింద ఆడవాళ్ళు బాగానే చూస్తున్నారు. ఒకతె కళ్ళు కూడా తుడుచుకుంది. దుర్గమ్మ మాత్రం నోరు కొద్దిగా తెరుచుకుని, పిల్లలు మిఠాయి బండి వంక చూసినట్టు చూస్తోంది. ఆమె అట్లా చూడటం పెళ్ళయిన కొత్తలో చూశాడు, మళ్ళీ ఇప్పుడే. ఆ సంతోషం పట్టలేక, భయం పట్టలేక ఆయన ఇంకో రెండు మాటలు మింగేశాడు.

రాణి దొరికింది. ఇక మంగళం పాడి తెర దించడమే. స్వరాజ్యలక్ష్మి చేతులు జోడించి ఆయన వంక చూసింది. కైలాసం గుంజ దగ్గరికి పోయి తాడు విప్పడానికి చెయ్యి వేశాడు. అంత బరువు తెర దిగినప్పుడు గిలక గుంజుతుంది, గిలకతోపాటు దూలమూ గుంజుతుంది. నలభై ఏళ్ళ చెయ్యికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? తాడు కొంచెం వదులైంది. పైన కిర్రుమంది. దుర్గమ్మ భుజం మీద మళ్ళీ పొడి రాలింది. ఆమె పైకి చూడకుండానే దులుపుకుని, ఆయన వంక చూసి కొంచెం నవ్వింది.

"దుర్గా! లే గాడ్నుంచి! లేవుండ్రి అందరు! బయటికి ఉరుకుండ్రి!"

రాజు కేకకు స్వరాజ్యలక్ష్మి అదిరిపడింది. ఆడవాళ్ళు ఇదీ నాటకమే అనుకుని మొదట నవ్వారు. మోతీలాల్ లేచి చేతికర్రతో బట్ట అంచు పైకెత్తి చూశాడు. చూసిన తరువాత ఆయనే అందరికంటే గట్టిగా అరిచాడు. రెండు నిమిషాల్లో అందరూ వాకిట్లో ఉన్నారు. దూలం మాత్రం పడలేదు.

మోతీలాల్ చేతికర్రకు అంటిన చెద పొడి దులిపాడు. తిట్టినా బాగుండేదనిపించింది కైలాసానికి.

"మంగళం ఒక్కటేనా మిగిలింది?" అన్నాడు చివరికి.

"ఒక్కటే సేటూ."

"గీడనే వాకిట్ల పాడు. తెర దిగిందనే అనుకుంట. దూలం సంగతి తర్వాత సూద్దాం. తాత మాట నా చేతుల ఖతం అయిందని అనిపించుకోను."

మనసున్న మాటే అన్నాడు సేటు. స్వరాజ్యలక్ష్మి కొంగు సర్దుకుని సిద్ధమైంది కూడా. కైలాసం నోరు తెరిచాడు. ఎదురుగా దుర్గమ్మ, పాపిట్లో ఇంకా ఆ ఎర్రపొడి. ఆయన కిరీటం తీసి చంకలో పెట్టుకున్నాడు.

"వద్దు సేటూ. పాడితే మళ్ళేడు గూడ ఎవల్నో ఒకర్ని తెచ్చి దాని కిందనే కూసోవెడ్త. నా సంగతి నాకెర్క. పానం అలిసిపోయింది. కొట్టం తీస్కో."

ఇంటికి పోయే దారిలో దుర్గమ్మ ముందు నడిచింది. మిల్లు దాటాక ఆగి వెనక్కి తిరిగింది.

"ఎప్పటి సంది తెలుసు దూలం గురించి?"

"వానలు వెనకవట్టినప్పటి సంది."

"గంత దాసిపెట్టినోనివి, ఇంకో చిటికెల అయిపోతుండె గదా. ఎందుకు ఒర్రినవ్?"

కైలాసం ముఖం మీది రంగు చెమటకు కారి గడ్డం దాకా వచ్చింది. ఆమె తలమీది పొడి చేత్తో దులిపాడు. నడిరోడ్డు మీద మొగుడు అట్లా చేయడం ఆమెకు కొత్త. అయినా తల తిప్పుకోలేదు.

ఉగాది వెళ్ళాక కొట్టం విప్పడం మొదలైంది. బియ్యం గోదాం కట్టిస్తారట. పెంకులు దిగాయి, గోడలు దిగాయి. ఆ దూలం మాత్రం దిగనంది! మోకులు వేసి ఎనిమిదిమంది లాగినా మొదటి రోజు కదల్లేదు. రెండో రోజు సాయంత్రం గానీ రాలేదు. చూడవచ్చిన జనానికి నోళ్ళు ఊరుకుంటాయా?

"ఏం కైలాసం, ఇంకో పదేండ్లు ఉండేటట్టుండె గదనే! ఉత్తగనే కొట్టం పోగొడ్తివి. వాకిట్లనన్న ఆ మంగళం పాడితే నీ సొమ్మేం పోయేది?"

అన్నం గిన్నె తెచ్చిన దుర్గమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి కైలాసం పక్కన నిలబడింది.

"కింద కూసున్నది నేను" అంది అందరికీ వినబడేటట్టు. "అందుకే ఆయన పాడలే."