తెలగపిండి పెట్టిన వేసవి

తాయారు నోటికి ఊళ్లో ఎదురులేదు. ఆ వేసవిలో ఆ నోరే ఊరి కొంప ముంచింది.

చీపురుపల్లికి పడమట, మెట్టను ఆనుకుని ఆ ఊరి మేతబీడు. ఒకప్పుడు మందకు సరిపడా గడ్డి ఉండేది. ఇప్పుడు ప్రతి గుమ్మంలోనూ రెండేసి ఆవులు. మంద రెండింతలయింది, బీడు పెరగదు కదా! మాఘమాసానికే గడ్డి ఎండి నేలకు అంటుకుపోయింది. చూడితో ఉన్న తన ఎర్రావుకు ఈనేదాకా, ఈనాకా మేత దక్కాలన్నదే తాయారు బెంగ.

ఊరంతా కూర్చున్నప్పుడు ఆమె మేనత్త, ముసలి గున్నమ్మ ఒక దారి చెప్పింది.

"సగం గొడ్లని గజపతినగరం అవతల మన సుట్టాలకి పాలికి తోలేద్దుం. ఆళ్లే మేపుకుంతారు, పుట్టిన దూడ సెరిసగం. వానలు పడ్డాక తెచ్చుకుందుం."

ఎవరి ఆవును వాళ్లు తలచుకుని అందరూ బిక్కమొహాలు వేశారు. తాయారు లేచింది.

"ఏటత్తా నీ సోద్యం! మా ఎర్రావుని ఎవుడి గొడ్లసాలకో తోల్తానా? పొద్దుటే తెలగపిండి నానబెట్టి పెడితే కడుపు నిండిపోద్ది. నిండిన కడుపు గడ్డి జోలికెల్తాదా? గడ్డీ బతుకుతాది, గొడ్డూ బతుకుతాది."

"గొడ్డు కడుపు మన కడుపు కాదే," అంది గున్నమ్మ. పెద్దల మాట చద్దిమూటే గానీ, ఆ పూట దాన్ని విప్పిన వాళ్లెవరు!

మంద మొత్తం ఊళ్లోనే ఉండిపోయింది. ఇంటింటా నువ్వుల గానుగ నుంచి తెచ్చిన తెలగపిండి నానింది. గొడ్లు నిగనిగలాడాయి. తాయారు కాలు నేల మీద ఆనలేదు. ఫాల్గుణం దాటాక ఒకనాడు బీడుకు వెళ్లి చూసింది. ఎంత ఎండల్లోనైనా మిగిలే గడ్డి కుదుళ్లను సైతం గొడ్లు వేళ్లతో సహా పీకి నములుతున్నాయి.

ఆ మధ్యాహ్నం మొగుడు జగన్నాధానికి గంజన్నం పెట్టింది. వట్టిదైతే నాలుగు ముద్దలతో లేచిపోయే మనిషి, ఆవకాయ ముక్క వేసేసరికి ఇంకో గిన్నె అడిగాడు. తాయారు చేతిలో గరిటె ఆగిపోయింది. ఎండుగడ్డికి తెలగపిండి కూడా అంతే కదా! ఆకలి తీర్చలేదు, పెంచింది.

"ఓలమ్మా, బీడంతా నానే తినిపించేసినాను!" అంటూ కూలబడింది.

అప్పటికప్పుడు కబురు పెడితే, చుట్టాల సాలలు వేరే వాళ్ల గొడ్లతో నిండిపోయాయన్నారు. ఊళ్లో గడ్డివాములు కరిగిపోయాయి. వట్టి పిండితో గొడ్డు నెమరు వేయదు. ఎర్రావు ఈనింది గానీ, దూడ కుడిస్తే చుక్క పాలు రావడం లేదు. ఇక ఊరంతా ఆకాశం వైపే చూసింది.

వానలు పడ్డాయి. వారం తిరిగేసరికి దూరం నుంచి బీడు పచ్చగా కనిపించింది. తాయారు ఎర్రావునూ దూడనూ తోలుకుని పరుగున వెళ్లింది. ఆవు మూతి దించి, వాసన చూసి, తల తిప్పేసుకుంది. అంతా గొడ్డు ముట్టని వయ్యారిభామ కలుపే. చేత్తో పాయలు తీసి ఎంత వెతికినా అడుగున గడ్డి పోచ లేదు.

వెనకాలే గున్నమ్మ కూడా తన ఆవుతో వచ్చి నిలబడింది.

"అత్తా, తిట్టవే నన్ను," అంది తాయారు ఏడుస్తూ.

"తిడితే గడ్డి మొలుత్తాదేటే?"

మర్నాడు ఊళ్లోకి గొడ్లు కొనే బేరగాడి లారీ వచ్చింది. పాలికి తోలి ఉంటే తిరిగొచ్చేవి. తాయారు ముందు ఎర్రావును ఎక్కించి, ఆ తర్వాత దూడను ఎత్తి అందించింది.