హయాతేకి నకలు

రేడియోలో కసరత్తు పాట అయిపోగానే మిత్సుయో ఇంటి ముందు ఊడ్చి, మిగిలిన అన్నంలో వేడి టీ పోసుకు తిని, షెడ్డు షట్టరు ఎత్తుతుంది. భర్త పోయాక కార్ల టింకరింగ్ పని మానేసి, సుత్తులకి నూనె రాసి గోడకి తగిలించేసిన మనిషి. ఈ ఏడు అకాగి కొండ మీంచి ఎండుగాలి మొదలవగానే వాటిని మళ్లీ దింపాలనుకుంది.

దింపే ముందు తీర్చాల్సిన మర్యాద ఒకటుంది. ఇంట్లో చప్పుడు పని పెట్టుకునేవాళ్లు వీధిలో ప్రతి గడపకీ వెళ్లి, కాగితంలో చుట్టిన తెల్ల తువ్వాలు ఇచ్చి, "కాస్త గోల అవుతుంది, మన్నించండి" అని నడుం వంచాలి. తువ్వాలు పుచ్చుకున్న ఇల్లు ఇక ఆ చప్పుడు గురించి కిక్కురుమనకూడదు.

"ఏం చేస్తున్నావక్కా?" అన్నాడు టోఫు కొట్టు హగివారా, తడి చేతులు తుడుచుకుని తువ్వాలు అందుకుంటూ.

"హయాతేకి నకలు."

హగివారా గొంతు తగ్గించాడు. "కురొనుమా గారికి చెప్పావా?"

"వాడింటికే పోతున్నా. మర్యాద మర్యాదే కదా."

హయాతే అంటే ఏనాడో మూతపడ్డ ఓ చిన్న కంపెనీ చేసిన రెండు సీట్ల పందెం కారు. పట్టుమని పది కూడా చెయ్యలేదు. అందులో ఒకటి మిత్సుయో అన్న మొరిహికోది. పెళ్లీ పెటాకులూ లేకుండా ఆ కారుతోనే కాపురం చేశాడు. పక్షవాతం వచ్చి మాట పడిపోతే మిత్సుయో అతన్ని తనింటికి తెచ్చుకుంది. అప్పుడొచ్చాడు కురొనుమా, కుర్రతనం నుంచీ అతనితో కొండదారుల్లో పందేలు కట్టినవాడు, మిఠాయి పెట్టె పట్టుకుని. "కదలకుండా పడుంటే కారు పాడవుతుంది. నువ్వు లేచేదాకా నేను నడుపుతాలే" అని తాళాలు తీసుకెళ్లాడు. నెల తిరక్కుండానే "మొరిహికో నాకిచ్చేశాడు" అన్నాడు. కాదనడానికి మొరిహికోకి నోరేదీ?

అంతటితో ఊరుకున్నాడా, సిగ్గు లేనివాడు! అద్దాల గ్యారేజీ కట్టించి కారుని అందులో నిలబెట్టాడు. ప్రతి ఆదివారం బయటికి తీసి, సరిగ్గా మొరిహికో మంచం ఉన్న కిటికీ కిందకి రాగానే గేరు తగ్గించి ఇంజను గర్జించేలా చేసేవాడు. "స్నేహితుడికి వినిపిస్తున్నా" అనేవాడు నలుగురితో. ఆ మోత వినగానే మొరిహికో నోరు తెరిచి అరిచేవాడు. అది మాటా కాదు, ఏడుపూ కాదు. గంజి తాగిస్తున్న మిత్సుయో చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయేది. ఒక ఆదివారం ఆ అరుపు సగంలో తెగింది. అన్న కళ్లు మూసిన చేత్తోనే ఆమె కురొనుమా అంతు చూస్తానని ఒట్టు పెట్టుకుంది.

ఇక మిత్సుయో పుట్టింటి ఆడవాళ్ల చేతి సంగతి ఆ వీధికి కొత్త కాదు. వాళ్లు దేనికైనా నకలు చేస్తే, నకలు కుదిరిన కొద్దీ అసలుది పలచబడి మాయమైపోతుంది. ఆమె తల్లి ఒకసారి ముచ్చటపడి పొరుగావిడ పూల కిమోనో లాంటిది కుట్టుకుంది. పొరుగావిడ పెట్టె తీసి చూస్తే కర్పూరం వాసన మాత్రమే మిగిలింది. పాపం, తల్లి తను కుట్టుకున్నది ఇచ్చేసి, పదేపదే నడుం వంచి వచ్చింది. బళ్లో టీచరు కూడా, పక్కవాళ్ల బొమ్మ చూసి వేస్తుందేమోనని మిత్సుయోని విడిగా కూర్చోబెట్టేది.

కురొనుమా భార్య హరుయే తలుపు తీసిందో లేదో, వెనకనుంచి అతనే ముందుకొచ్చాడు. "ఏమ్మా, ఆ సుత్తులు ఇంకా లేస్తున్నాయా? కొట్టుకో, కొట్టుకో" అంటూ తువ్వాలు లాక్కుని, కాగితం చింపి, పక్కనే ఉన్న అద్దాల గ్యారేజీలోకి వెళ్లి, ఆ తువ్వాలుతోనే హయాతే బానెట్ తుడవసాగాడు. అప్పుడు అడిగాడు, ఇంతకీ ఏం చేస్తున్నావని. మిత్సుయో చెప్పింది. తుడుస్తున్న చెయ్యి ఆగింది. తువ్వాలు అప్పటికే మురికైంది. తిరిగివ్వడానికి లేదు.

తుక్కు కొట్టునుంచి పాత టాక్సీ ఒకటి తెచ్చి, దాని అడుగు భాగమూ ఇంజనూ ఉంచుకుని మిగతాది కోసి పారేసింది. రేకుని ఇసుక సంచి మీద పెట్టి కొట్టేది, కర్ర దిమ్మ మీద వంచేది, కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరేది. ఏళ్ల తరబడి ఆదివారాలు అన్నతో కలిసి కడిగిన కారు, దాని వంపులు అరచేతికి తెలుసు. చెయ్యి ఎక్కడైనా తడబడితే మళ్లీ సుత్తి.

బానెట్ కుదిరిన రోజు అద్దాల గ్యారేజీలో బానెట్ వెలిసిన చీర లాగా అయింది. సాయంత్రానికి అదీ లేదు. టోఫు కొట్టు దగ్గర జనం వాతావరణం మాట్లాడుకున్నట్టే మాట్లాడుకున్నారు.

"ఇవాళ ఎడమ డోరు పోయినట్టుంది."

"అవునవును. పొద్దున్నుంచీ సుత్తి వాయిస్తోందిగా. రెండు టోఫులు ఇవ్వు."

మిఠాయి పెట్టె పట్టుకుని కురొనుమా షెడ్డుకి వచ్చాడు. అదే కొట్టు, అదే పెట్టె. మిత్సుయో సుత్తి ఆపలేదు.

"గోల ఎక్కువైందాండీ?"

"గోల గురించి కాదు. ఆపు, మిత్సుయో. కారు తిరిగిచ్చేస్తాను."

"ఎవరికిస్తారు? మా అన్నకా?"

అతను పెట్టె నేల మీద పెట్టాడు. ముఖం మాడిపోయింది. "సరే. నేను సీట్లోంచి లేవను. నేను కూర్చున్నంతసేపూ అది నాదే. ఎలా చేస్తావో చూస్తా."

"కూర్చోండి. సీటు ఆఖర్న చేస్తాను."

అన్నట్టే కూర్చున్నాడు. అతని చుట్టూ డోర్లు పోయాయి, టాపు పోయింది, చక్రాలు పోయాయి. హరుయే అన్నం ముద్దలు అక్కడికే తెచ్చి పెట్టేది. "లేవండి, మీకు పుణ్యముంటుంది" అని బతిమాలింది. అతను స్టీరింగు వదల్లేదు.

ఒక ఆదివారం పొద్దున మిత్సుయో సీటు తోలుకి ఆఖరి కుట్టు వేసి దారం కొరికింది. తాళం తిప్పింది. టాక్సీ ఇంజను రెండు దగ్గులు దగ్గి, గొంతు సవరించుకుని, అచ్చం అన్న హయాతే లాగా గర్జించింది. ఆమెకి ఒళ్లంతా పులకరించింది.

అక్కడ అద్దాల గ్యారేజీలో కురొనుమా నేల మీద కాళ్లు చాపుకుని, ఉత్తి గాలిని రెండు చేతులా పట్టుకుని ఉన్నాడు. కుడి పక్క చచ్చుబడింది. నోరు తెరిస్తే మాట లేదు. డాక్టరు పక్షవాతం అన్నాడు. వీధి ఏమీ అనలేదు.

మరుసటి ఆదివారం మిత్సుయో కారు తీసింది. అతని కిటికీ కిందకి రాగానే గేరు తగ్గించింది. లోపలినుంచి అరుపు వచ్చింది. అబద్ధమెందుకు, ఆమె చెవులకి తేనె పోసినట్టే ఉంది. తర్వాతి ఆదివారమూ వెళ్లింది. ఆ తర్వాతిదీ.

ఒకనాడు హరుయే మిత్సుయో గడపలోకి వచ్చి, కాగితంలో చుట్టిన తువ్వాలు చాచి, నడుం వంచింది. "మా ఇంట్లో కాస్త గోల అవుతోంది. మన్నించండి."

అలవాటైన చేతులు కదా, ఆలోచన కంటే ముందే అందుకున్నాయి. ఆ తువ్వాలు గుమ్మం పక్కన పెట్టి లోపలికి వెళ్లి, మిత్సుయో దేవుడి అరలో అన్న ఫోటో వైపు చూసింది. ఫోటో వెలిసిన చీర లాగా ఉంది. బుగ్గల్లోంచి వెనకున్న అట్ట కనిపిస్తోంది. గబగబా కళ్లు మూసుకుని అన్న అరుపు తలుచుకుంది. కురొనుమా అరుపే వినపడింది. అన్న నవ్వు తలుచుకోబోయింది. అదీ దొరకలేదు. కారు ఒక్కటేనా తను నకలు చేసింది? ఆ మంచమూ, ఆ కిటికీ, ఆ నోరులేనితనమూ, అన్నీ ఎంత బాగా కుదిరాయో అప్పుడు తెలిసింది.

ఆ ఆదివారం ఆమె షట్టరు ఎత్తలేదు. ఫోటో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కారు మోత లేకపోయినా సరిగ్గా ఆ వేళకి కురొనుమా అరుపు మొదలైంది. అరుపు సాగిన కొద్దీ ఫోటోలో అన్న కళ్లు పలచబడుతున్నాయి. పరుగున వెళ్లి, ఆపమని కాళ్లు పట్టుకుందామని లేచింది. గుమ్మం దగ్గర, హరుయే చేత పుచ్చుకున్న తువ్వాలు కనిపించింది. మళ్లీ కూర్చుంది.